మొండయ్య కట్టిన ముడి

మొండయ్యతో నా పరిచయం అతను నా బల్ల విరగ్గొట్టిన రోజున మొదలైంది. సూరత్ లింబాయత్‌లో నేను టిఫిన్ సెంటర్ పెట్టి అప్పటికి రెండు నెలలైంది. పొద్దున ఏడు దాటగానే రాత్రి పాళీ దిగిన మరమగ్గాల కార్మికులు ఆకలి మీద వచ్చి పడతారు. ఆ రోజు వాళ్ళలో ఒకడు మొండయ్య ఊరిని ఏదో అన్నాడట. నేను దోసె తిరగేసి తలెత్తేసరికి ఆ అన్నవాడి తల బల్ల మీద ఉంది, తల మీద మొండయ్య అరచెయ్యి ఉంది, నా కొత్త బల్ల నడిమికి విరిగి ఉంది. అట్లకాడ పట్టుకుని బయటికొచ్చి, తెనాలిలో మా అమ్మ దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ వరసగా అందుకున్నాను. అతను ఆ తిట్లు చివరిదాకా శ్రద్ధగా విని, "నువ్వు మనోళ్ళేనా అక్కా?" అన్నాడు. సాయంత్రం చెక్కా మేకులూ తెచ్చి బల్ల బాగుచేసి పోయాడు. అది ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే ఉంటుంది.

సిరిసిల్ల దగ్గర పల్లెటూరు అతనిది. నేతపని ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో పక్కింటి బుచ్చిరాములు వెంట రైలెక్కి సూరత్ వచ్చాడు. బుచ్చిరాములు అతనికంటే ఐదేళ్ళు పెద్ద, నెమ్మదస్తుడు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచా అంటారు. ఒకేసారి ఎనిమిది సాంచాల మధ్య ఎలా తిరగాలో, ఎక్కడ పోగు తెగిందో చప్పుడుని బట్టే ఎలా పట్టాలో మొండయ్యకు నేర్పింది బుచ్చిరాములే. నేను వాళ్ళని ఎరిగేనాటికి ఇద్దరిదీ ఉధనా వైపు ఒకటే కార్ఖానా, ఒకటే పాళీ, ఒకటే బిల్డింగు. కింద నా హోటలు, మొదటి అంతస్తులో మొండయ్య, రెండో అంతస్తులో బుచ్చిరాములు, ఆపైన డాబా.

మొండయ్య ముప్ఫయ్యో ఏట సాంచాలోంచి నాడె ఎగిరొచ్చి మూతికి తగిలింది. మగ్గంలో పోగుని అటూ ఇటూ మోసే, రెండు కొసలా ఇనుప మొనలున్న చెక్క అది. ముందు పళ్ళు రెండు ఊడి నేల మీద పడ్డాయి. మొండయ్య నెత్తురు ఉమ్మేసి, దొరికిన ఇనప రెంచి తీసుకుని ఆ సాంచాను కొట్టాడు. ఆపబోయిన మేస్త్రీని కొట్టాడు. మేస్త్రీ కోసం వచ్చిన ఇద్దరిని కొట్టాడు. ఆ కార్ఖానాలో పని పోయింది. ఇంకో కార్ఖానాలో చేరాక అక్కడా ఇదే కథ. సూరత్‌లో అతను పనిచేసిన చోటల్లా ఎవరో ఒకరి ముక్కు వంకరగా ఉంటుందని బుచ్చిరాములు నవ్వుతూ చెప్పేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఎందుకంటే అతను పెళ్ళాన్ని కూడా కొట్టేవాడు. ఇది రాయకుండా దాటేస్తే నన్ను నేనే క్షమించుకోను. స్వరాజ్యం నా దగ్గర పచ్చళ్ళు రుబ్బడానికి వచ్చేది. ఒక రోజు కన్ను వాచి వచ్చింది. ఇంకో రోజు జుట్టు కుదురుతో సహా ఊడి వచ్చింది. మూడోసారి నేను పెనం మీద కాలుతున్న అట్లకాడతో మెట్లెక్కి, మాట్లాడకుండా అతని ముంజేతికి అంటించాను. చర్మం చుర్రుమంది. మొండయ్య అరవలేదు, నన్ను కొట్టలేదు. నెల రోజులు నా హోటలుకి రాలేదు. ఆ తర్వాత స్వరాజ్యం మీద చెయ్యెత్తడం చాలా తగ్గించాడు. అప్పుడే పూర్తిగా మానేశాడని చెప్పను. చివరికి మానిపించింది నా అట్లకాడ కూడా కాదు, వాళ్ళ అమ్మాయి.

హిమశ్రీ సూరత్‌లోనే పుట్టింది. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో తిప్పి గుజరాతీలో దించుతుంది. పదిహేనో ఏట ఫోన్‌లో ఏవో వీడియోలు చూసి, గోడలు దూకే పోటీలంటే పిచ్చి పట్టింది. పలకల మీంచి దూకడం, ఇనప కడియాలు పట్టుకుని ఒకదాన్నుంచి ఒకదానికి వేలాడుతూ దాటడం, తాడెక్కడం. వరండాలో బట్టలారేసే పైపు పట్టుకుని వేలాడేది. ఒక పొద్దున పాళీ దిగి వస్తూ మొండయ్య అది చూశాడు. వీపు మీద ఒకటి పడుతుందని మేమంతా అనుకున్నాం. అతను డబ్బా కింద పెట్టి, ఆ పిల్ల చేతులు వదిలేదాకా నిలబడ్డాడు.

"ఎంతసేపున్నవ్?" అన్నాడు.

"దోఢ్ మినిట్, బాపు." ఒకటిన్నర నిమిషమట.

అతనూ పైపు పట్టుకుని వేలాడాడు. నూలు చుట్టిన ఇనప దూలాలు భుజాన మోసే మనిషి, నలభై సెకన్లకే పట్టు జారి దిగిపోయాడు. ఒకరి చేతుల్లో ఓడిపోయి సంతోషించడం మొండయ్యకి అదే మొదలు. కూతురి అరచేతులు రెండూ తెరిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

కడోదరా దగ్గర మైదానంలో ఏటా ఒక యువజన సంఘం వాళ్ళు ఈ పోటీ పెడతారు. పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల్లో మొదటి ముగ్గురిని వడోదరాకి పంపిస్తారు. ఆ ఏడు చూసి రావడానికి తండ్రీ కూతుళ్ళు బస్సులో వెళ్ళారు. తిరిగొచ్చాక మొండయ్య నా ఎదురుగా కూచున్నాడు, టీ చల్లారిపోయినా తాగలేదు.

"పద్మజక్కా, గెలిచిన పిల్ల పేరు మైకుల చెప్పిన్రు. చెప్పినంక గా పిల్లకు నేర్పినాయన పేరు చెప్పిన్రు. ఉస్తాద్ ఫలానా అని. మంది చప్పట్లు కొట్టిన్రు. ఇరవై రెండేండ్ల సంది నన్ను 'ఏయ్ కారీగర్' అనుడే గని పేరు పెట్టి పిలిచినోడు లేడు. గా మైకుల 'ఉస్తాద్ మొండయ్య' అనాలె. ఒక్కపారి. గంతే."

ఆ రోజు నుంచి అతని బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

డాబా మీద నీళ్ళ ట్యాంకు దిమ్మెకీ మెట్ల గది గోడకీ మధ్య ఇనప పైపు బిగించాడు. దాన్నుంచి తాళ్ళు దింపి ఆరు కడియాలు కట్టాడు. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరల కత్తిరింపు ముక్కలు మూటలు కట్టించి తెచ్చి కింద పరిచాడు. మెట్ల గది కప్పు మీంచి ట్యాంకు దిమ్మె మీదికి ఆరడుగుల దూకుడు. ఉత్తరాయణం నాడు పతంగుల కోసం తప్ప డాబా మీదికి ఇంకెవరూ ఎక్కడానికి వీల్లేదు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా సాధన. రాత్రంతా పన్నెండు గంటలు సాంచాల మధ్య తిరిగొచ్చిన మనిషి, కళ్ళు ఎర్రగా, చేతిలో కర్రతో. సాంచాలో నాడెను కొట్టి పంపే కర్ర అది.

"గీ గంటసేపు నేను నీ బాపును కాను. ఉస్తాద్ అను."

"జీ ఉస్తాద్."

చెయ్యి జారి దిగితే పిక్కల మీద ఒక దెబ్బ. దూకేటప్పుడు భయపడి ఆగితే రెండు. అరచేతుల చర్మం లేచిపోయి నెత్తురు కారితే ఉప్పునీళ్ళలో ముంచి, "మల్లెక్కు" అనేవాడు. కింద నాకు ఆ దెబ్బలు వినిపించేవి. ఒకసారి పైకెళ్ళి "కన్నకూతురురా అది, గొడ్డు కాదు" అని అరిచాను. నాకు జవాబు చెప్పింది ఆ పిల్లే. పైపు మీద వేలాడుతూ, పళ్ళు బిగించి, "ఆంటీ, ప్లీజ్ జావ్. గినతీ తప్పుతున్న" అంది. లెక్క తప్పుతోందట. దాని పిక్కల మీద వాతలు నీలంగా తేలి ఉన్నాయి. తండ్రి మొండితనం ఎక్కడికి పోతుంది? నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండి కిందికొచ్చేశాను.

ఇక ఆ ముడి సంగతి. కార్ఖానాలో పారేసే వేస్టు పోగుల్ని జడలా అల్లి మొండయ్యే తాళ్ళు చేశాడు. బారెడు బారెడు ముక్కలు. ఒక్కో కడియం తాడు పైపు నుంచి దిగిన తాడుకి అతకాలి. ఆ అతుకు నేతగాళ్ళ ముడితో వేశాడు. తెగిన పోగులు అతికే ముడి అది. రెండు కొసలు బొటనవేలి గోరు మీద అడ్డంగా పెట్టి, చుట్టి, దూర్చి లాగడం, అంతే. చిటికె వేసేలోపు అయిపోతుంది. నాకు చూపించమంటే మూడుసార్లు చూపించాడు, మూడుసార్లూ నాకు కనపడలేదు.

"మా తాత కట్టిండు, మా బాపు కట్టిండు. లాగినకొద్ది బిగుస్తది. కత్తి పెట్టి కొయ్యాలె గని జారది" అన్నాడు. వాళ్ళింట్లో దేవుడి పటం కంటే ఆ ముడి మీదే నమ్మకం ఎక్కువని నాకు అప్పుడే అర్థమైంది.

బుచ్చిరాములుకి చిక్కంతా ఆ డాబాతోనే వచ్చింది. అదే రాత్రి పాళీ చేసి వచ్చి ఎనిమిదింటికి పడుకుంటే, సరిగ్గా అతని తల మీద దూకుళ్ళు. కప్పు సున్నం రాలి అన్నంలో పడేది. నెల రోజులు ఓర్చుకున్నాడు. ఒక పొద్దున మెట్ల మీద నిలబడి కేకేశాడు.

"ఏందిరా తమ్మీ, నిద్ర లేక సాంచాల చెయ్యి పెట్టుకుంటనేమోనని భయమైతున్నది. ఒకనాడు పైకొచ్చి గా తాళ్ళన్ని ఊడబీకుత జూడు!"

"చెయ్యేసి జూడన్నా" అన్నాడు మొండయ్య. వాళ్ళిద్దరూ అలా అరుచుకోవడం మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు.

పోటీకి పద్దెనిమిది రోజులుందనగా హిమశ్రీ పడింది.

నేను గిన్నెలు తోముతున్నాను. పై నుంచి రోజూ వినిపించే, మూటల మీద పడే చప్పుడు కాకుండా వేరే చప్పుడు వినిపించింది. స్వరాజ్యం చేతిలో రుబ్బురోలు పొత్రం వదిలేసి పరుగెత్తింది, వెనకే నేను. నాలుగో కడియం వదిలి ఐదోది పట్టుకుని ముందుకి ఊగినప్పుడు పైన అతుకు ఊడిపోయింది. ఊగుతున్న ఊపులో పిల్ల మూటలు దాటి వెళ్ళి, ట్యాంకు దిమ్మె అంచుకి గడ్డం కొట్టుకుని పడింది. గడ్డం ఎముక దాకా చీలింది. ఎడమ మణికట్టు ఒంటి కింద మడతపడి ఉంది. సిమెంటు మీద నెత్తురు నీళ్ళ గొట్టం వైపు పారుతోంది. స్వరాజ్యం దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నేను నా చీర కొంగు గడ్డానికి అదిమి పట్టాను.

మొండయ్య కూతురి దగ్గరికి రాలేదు. ఊడిన తాడు కొసలు రెండూ చేతుల్లోకి తీసుకుని చూస్తున్నాడు. కోసినట్టు లేదు, తెగినట్టు లేదు.

"ముడి జారది" అన్నాడు. "ఎవడో ఇప్పిండు."

కర్ర తీసుకుని మెట్లు దిగాడు. "ఒరే, ముందు పిల్లని ఎత్తరా!" అని నేను అరిచిన అరుపు అతని వీపుకి తగిలి ఉంటుంది. ఆగలేదు. కూతురు నెత్తుటిలో పడి ఉంటే తాడు ముక్క పట్టుకుని పగ తీర్చుకోడానికి పోయిన తండ్రిని ఏమనాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

బుచ్చిరాములు నిద్రలో ఉన్నాడు. మొండయ్య జుట్టు పట్టుకుని చాప మీంచి గుమ్మం దాకా ఈడ్చాడు. "ఎందుకిప్పినవ్‌రా?" అంటూ మొహం మీద గుద్దాడు. "ఏంది తమ్మీ? ఏమైంది?" అంటున్నవాడి నోటి మీద గుద్దాడు. డొక్కలో తన్నాడు. "నేనిప్పలే, నా బిడ్డల మీద ఒట్టు" అన్న మాట రెండుసార్లు వినిపించింది, మూడోసారి సగమే వినిపించింది. బుచ్చిరాములు భార్య భాగ్యలక్ష్మి పొయ్యి మీద మరుగుతున్న చాయ్ గిన్నె తెచ్చి మొండయ్య వీపు మీద కుమ్మరించింది. భుజం కొరికింది. అతను ఆమెను విదిలించి పారేసి, బుచ్చిరాములు కుడిచెయ్యి గడప మీద పెట్టి మోకాలితో నొక్కాడు.

"ఏ చేత్తోని ఇప్పినవో గా చెయ్యి ఉండద్దు నీకు."

కర్ర మూడుసార్లు దిగింది. ఎండు పుల్లలు విరిగినట్టు వినిపించిందని కింది వాళ్ళు చెప్పారు. నలుగురు మగవాళ్ళు మీద పడి లాగితే గానీ అతను లేవలేదు. అప్పటికి నేను హిమశ్రీని భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాను. ఆ పిల్ల నా మెడ మీంచి అంతా చూసింది. ఏడవడం కూడా మానేసి చూసింది.

హిమశ్రీ గడ్డానికి తొమ్మిది కుట్లు పడ్డాయి. మణికట్టు విరగలేదు, బెణికింది. బుచ్చిరాములు కుడిచేతి వేళ్ళు మూడు విరిగాయి. వేళ్ళు లేకపోతే తెగిన పోగు అతకలేడు, పోగు అతకలేనివాణ్ణి ఏ కార్ఖానా పెట్టుకోదు. పోలీసు కేసు పెడతానని భాగ్యలక్ష్మి చెప్పులేసుకుని బయల్దేరితే బుచ్చిరాములు ఆపాడట. "గీ మొండోన్ని సూరత్‌కు తోలుకొచ్చిందే నేను. ఎవని మీద పెట్టాలె కేసు?" అన్నాడట. ఆ మాట నాకు చెబుతూ భాగ్యలక్ష్మి మొగుణ్ణి కూడా తిట్టింది.

మూడో రోజు పొద్దున హిమశ్రీ గడ్డానికి కట్టుతో డాబా ఎక్కింది. కాసేపటికి తల్లినీ, నన్నూ, భాగ్యలక్ష్మినీ పిలిచింది. చివరగా తండ్రిని పిలిచింది. మొండయ్య వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"బాపు, కిసీ నే నహీ ఖోలా. ఎవ్వలు ఇప్పలే. ముడి దానంతల అదే జారింది."

"జారది."

ఆ పిల్ల రెండు తాడు కొసలు తీసుకుని అదే ముడి వేసింది. తండ్రి వేసినంత బాగా వేసింది. గట్టిగా లాగింది, ఆగింది. వదులు చేసి ఊపింది, మళ్ళీ లాగింది. వదులు, ఊపు, లాగు. ఏడోసారికి ముడి నోరు తెరిచినట్టయి రెండు కొసలూ విడిపోయాయి.

"గిది నూలు కాదు. పాలిస్టర్. నున్నగుంటది. బరువున్నంతసేపు పట్టుకుంటది. నేను చెయ్యి ఇడిసినప్పుడల్లా జర జర జారుతది. అయిదోది ముందుగాల జారింది, అంతే. మిగతావి గూడ జారుటానికి తయారున్నయి, చూస్కో."

మొండయ్య మొహంలో రంగు మారింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "తాతల నాటి ముడి. జారది."

"ఐతే నువ్వెక్కు" అంది హిమశ్రీ.

అతనెక్కాడు. ముడి తనే కట్టాడు, తన గోరు మీద, తన చేత్తో. కడియం పట్టుకుని ఊగాడు, పక్కదానికి మారాడు, మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. నాలుగో ఊపులో ముడి విడిపోయి మూటల మీద పడ్డాడు. లేచి, "సరిగ్గ పడలే ముడి" అన్నాడు. మళ్ళీ కట్టాడు. ఈసారి ఇంకా గట్టిగా, పళ్ళతో లాగి బిగించాడు. ఈసారి ఐదో ఊపు. తుంటి వెళ్ళి దిమ్మెకి కొట్టుకుంది. భాగ్యలక్ష్మి చేతులు కట్టుకుని చూస్తోంది. స్వరాజ్యం "ఇగ సాలు" అంది. అతను వినలేదు. ముడి మూడోసారి కట్టి, కింద ఉన్న మూటల్ని ఒక్కొక్కటే కాలితో తన్ని దూరంగా నెట్టేశాడు.

అప్పటికే అతనికి అర్థమైపోయిందని మాకందరికీ తెలుసు. ఇక తాడుని పరీక్షించడానికి ఎక్కడం లేదు. కావాలని గుంజుతూ, కాళ్ళు విసురుతూ ఊగాడు. ముడి జారగానే చదునుగా సిమెంటు మీద పడ్డాడు. లోపల ఏదో పుటుక్కున విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మూతి పగిలి నెత్తురు వస్తోంది. అయినా పాక్కుంటూ తాడు దగ్గరికి పోయి నాలుగో ముడికి కొసలు వెతుకుతున్నాడు.

"బస్ కరో!" అని హిమశ్రీ అరిచింది. కుట్లు లాగి గడ్డం పట్టుకుంది.

బుచ్చిరాములు ఎప్పుడు మెట్లెక్కాడో మేం చూడలేదు. చేతికి పిండికట్టు, రెండు కళ్ళ కిందా నల్లగా కమిలి ఉంది. వచ్చి ఆ తాడు మీద కూచున్నాడు. "సాలు తమ్మీ" అన్నాడు.

మొండయ్య తన కుడిచెయ్యి తీసి అతని పాదం ముందు పరిచాడు. "తొక్కన్నా. నా వేళ్ళు గూడ ఇరగ్గొట్టు."

"నాకు తొక్కుడు రాదురా" అన్నాడు బుచ్చిరాములు.

"నాకొస్తది" అని భాగ్యలక్ష్మి ముందుకొచ్చి, మడమ ఎత్తి, ఒంటి బరువంతా వేసి తొక్కింది. ఒక్కసారే. మొండయ్య గొంతులోంచి వచ్చిన శబ్దం పక్క బిల్డింగు వాళ్ళని కిటికీల్లోకి రప్పించింది. మేమెవరం ఆమెను ఆపలేదు. నేను కూడా ఆపలేదు. నిజం చెప్పాలంటే ఆ మడమ నాదయినా బాగుండుననిపించింది.

మొండయ్యకి విరిగినవి డొక్క ఎముక ఒకటి, వేళ్ళు రెండు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన రోజున హిమశ్రీ అతని ఎదురుగా నిలబడింది.

"కడోదరాకు నువ్వు రాకు. సంతకానికి పెద్దమనిషి కావాలె, బుచ్చిరాములు పెద్దబాపును తోలుకపోత. డాబా మీదికి గూడ రాకు."

మొండయ్య తలూపాడు.

ఆ తర్వాత రెండు వారాలు ఆ పిల్ల ఒక్కతే సాధన చేసింది. తాళ్ళన్నీ విప్పేసి, ప్రతి అతుకుకీ రెండు చుట్లు వేసి, కొసలు దబ్బనంతో కుట్టింది. నొప్పికి తెల్లవారితే గానీ కన్ను మూతపడని పెద్దబాపు నిద్ర చెడగొట్టకుండా వేళ సాయంత్రానికి మార్చుకుంది. మొండయ్య కింద నా ఒరిగిన బల్ల దగ్గర డొక్కకి గుడ్డ చుట్టుకుని కూచుని, పైకి చెవి పెట్టి వినేవాడు. "అక్కా, అయిదో కడియం కాడ ఆగుతున్నది. ఎడమ చెయ్యి నొస్తున్నట్టున్నది దానికి. కుడి చెయ్యి ముందుగాల ఎయ్యమని చెప్పవా?" అనేవాడు. చెప్పను, నేనెందుకు చెప్పాలి అనేదాన్ని. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు హిమశ్రీకి చెప్పాను, నా మాటగా చెప్పాను. అది నన్ను అనుమానంగా చూసింది. మర్నాటి నుంచి ఐదో కడియం దగ్గర చప్పుడు ఆగలేదు. మొండయ్య చేతి కట్టు వైపు చూసుకుంటూ, "మైకుల నా పేరు రాదు గదా అక్కా" అన్నాడు. రాదన్నాను.

పోటీ రోజున ఆటోలో నేను, స్వరాజ్యం, హిమశ్రీ, బుచ్చిరాములు వెళ్ళాం. గేటు దగ్గర బుచ్చిరాములు ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు. మైదానం చుట్టూ రేకుల గోడ. గేటు రేకుల మధ్య సందులోంచి లోపలికి చూస్తున్నవాళ్ళలో మొండయ్య కనిపించాడు. వేరే బస్సులో వచ్చి ఉంటాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

పద్నాలుగు మంది అమ్మాయిలు. మొదటి గోడ ఎక్కేటప్పుడే ఒకమ్మాయి కిందపడి మోకాలు చిప్ప పగలగొట్టుకుంది, స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. బురద గుంట మీంచి దూకేటప్పుడు ఇద్దరు ఒకరినొకరు గుద్దుకుని ఒకరి ముక్కు పగిలింది. హిమశ్రీ గుంట దూకింది, రెండో గోడ ఎక్కింది, కడియాల దగ్గరికి ఆరో స్థానంలో వచ్చింది. అక్కడ పన్నెండు కడియాలు. మధ్యలోకి వచ్చేసరికి ముందున్న ముగ్గురు రాలిపోయారు. హిమశ్రీ గడ్డం ఎక్కడో తగిలి, కుట్లు వేసిన చోట మళ్ళీ చీలింది. నెత్తురు మెడ మీదుగా జెర్సీలోకి పోతోంది. కుడి చెయ్యి ముందు వేసింది, ఎడమ చెయ్యి, మళ్ళీ కుడి. స్వరాజ్యం గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి. హిమశ్రీ ఆఖరి కడియం వదిలి, తాడెక్కి, పైనున్న గంట కొట్టింది. మూడో స్థానం. వడోదరాకి పంపేది ముగ్గురినే.

నేను ఏడ్చాను. ఆ పిల్లని వేదిక మీద నిలబెట్టారు. గడ్డానికి దూది అదిమి పట్టుకుని ఉంది. మైకు పట్టుకున్నాయన పేరు చదివి, ఊరు చదివి, అడిగాడు.

"ఔర్ ఉస్తాద్ కా నామ్, బేటీ?"

హిమశ్రీ జనంలో కూచున్న బుచ్చిరాములు వైపు చూసింది. అతని ఒళ్ళో పిండికట్టు వేసిన చెయ్యి ఉంది. చాలాసేపు ఆ చేతినే చూసింది. బుచ్చిరాములు తల ఊపాడు, చెప్పెయ్యమన్నట్టు. నేను గేటు వైపు చూడదలుచుకోలేదు. అయినా చూశాను. సందులో ఉన్న మొండయ్య కన్ను తప్పుకుంది, ఆ చోట చెవి ఆనింది.

"కోయీ నహీ" అంది హిమశ్రీ. "ఘర్ పే ఖుద్ సీఖీ." ఎవరూ లేరు, ఇంట్లో తనే నేర్చుకుంది అని.

మైకు ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. "కోయీ ఉస్తాద్ నహీ! ఇస్ బచ్చీ నే ఘర్ పే ఖుద్ సీఖా!" అని మైదానమంతా మోగేలా అరిచాడు.

జనం ఇంకా చప్పట్లు కొట్టకముందే గేటు దడదడలాడింది. మొండయ్య రెండు చేతులతో చప్పట్లు కొట్టలేడు, ఒక చేతికి కట్టుంది. అందుకని ఎడమ అరచేత్తో గేటు రేకుని కొడుతున్నాడు. డొక్క పట్టుకుని వంగిపోతూ, మళ్ళీ లేచి, రేకు సొట్టపడేలా కొడుతున్నాడు. ఆ తర్వాత మైదానమంతా చప్పట్లు మోగాయి. హిమశ్రీకి గేటు చప్పుడు వినపడిందో లేదో నేను అడగలేదు.

గేటు కాపలావాడు ఎవడో తాగి గొడవకొచ్చాడనుకున్నాడు. బయటికెళ్ళి మొండయ్య కాలర్ పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చి, చెంప మీద రెండు పీకాడు. మొండయ్య తిరిగి కొట్టలేదు.